వరంగల్ బండిని మంచుల తిప్పాలంటే ముందు ఇంటికాడ చేయాల్సిన పనులు

డిసెంబర్ దగ్గరపడితే చాలు, ఒకటే ఫోన్లు. అన్నా హిమాచల్ ల స్పితి లోయకు పోతున్నం, ఏ టైర్లు వేయాలె, విన్చ్ (ఇరుక్కున్న బండిని గుంజే తాడు మిషన్) కావాల్నా, లైట్ బార్ ఏది మంచిగుంటది, ఇవే అడుగుతరు. రేడియేటర్ల ఏం పోయాలె అని ఇప్పటిదాంక ఒక్క తమ్ముడు గూడ అడగలే. బండి చలికి ఆగిపోయేది విన్చ్ లేక కాదు. దాని లోపల ఉన్న నీళ్ళు, డీజిల్, ఆయిలు, బ్యాటరీ, ఈ నాలుగిట్ల ఏదో ఒకటి గడ్డకట్టో నీరసపడో ఆగిపోతది. ఈ నాలుగు పనులు హన్మకొండల మీ ఇంటి ముంగట అయితయి, స్పితిల ఉండే కాజా ఊర్ల పొద్దుగాల ఆరింటికి మైనస్ ఇరవైల కావు. అందుకే ఒక్కసారి మొత్తం రాసిపెడ్తున్న.

ఇది డీజిల్ ఫోర్ బై ఫోర్ ఉన్నోళ్ళకు రాస్తున్న, థార్, బొలెరో క్యాంపర్, స్కార్పియో, వీ-క్రాస్ అట్లాంటివి. జిప్సీ లెక్క పెట్రోల్ బండి అయితే డీజిల్ ముచ్చట వదిలేసి మిగతావి చేసుకోండి.

ఏమేం కావాలె

కూలెంట్ కాన్సంట్రేట్ (నీళ్ళు కలిపి అమ్మేది కాదు, చిక్కటిది), డిస్టిల్డ్ వాటర్ ఒక ఇరవై లీటర్లు, మల్టీమీటర్, కొత్త డీజిల్ ఫిల్టర్లు రెండు, మీ బండి మాన్యువల్ల చెప్పిన చలికాలం గ్రేడ్ ఇంజన్ ఆయిల్, యాంటీ జెల్ మందు (డీజిల్ చలికి గట్టిపడకుండ కలిపేది), టైర్ సైజుకు సరిపోయే స్నో చెయిన్లు, జంపర్ కేబుల్ (సన్నటిది వద్దు, దొడ్డు తీగది), మడిచే పార, గాలి కొట్టే చిన్న కంప్రెసర్, టైర్ల గాలి చూసే మంచి గేజ్, సిలికాన్ స్ప్రే, పాత చద్దర్లు రెండు, థర్మాస్ ఫ్లాస్క్. వీటి తర్వాత పైసలు మిగిల్తే అప్పుడు లైట్ బార్ గురించి ఆలోచించండి.

1. రేడియేటర్. సగం రోజు దీనికే పెట్టండి

మన దగ్గర అలవాటేంది? నీళ్ళు తగ్గితే బోరు నీళ్ళు పోసుడు. ఏండ్లకేండ్లు అట్లనే పోసి పోసి లోపల సున్నం పేరుకపోయి ఉంటది, కూలెంట్ పేరుకు మాత్రం పచ్చరంగు మిగిలి ఉంటది. వరంగల్ల దానితోని నడుస్తది, మైనస్ ల నడవదు, నీళ్ళు గడ్డకట్టి వ్యాకోచిస్తే రేడియేటర్ పగుల్తది, అదృష్టం బాగలేకపోతే ఇంజన్ బ్లాకే పగుల్తది.

ముందు ఒక చెక్ చేయండి. మనదిక్కు చాన మంది మెకానిక్ లు బండి వేడెక్కుతుందని థర్మోస్టాట్ వాల్వ్ (ఇంజన్ వేడెక్కేదాంక రేడియేటర్ కు నీళ్ళు పోకుండ ఆపేది) పీకేస్తరు, మనకు చెప్పరు గూడ. ఎండాకాలం అది పెద్దగా తెల్వదు. చలిల మాత్రం ఇంజన్ ఎంతసేపు నడిపినా వేడెక్కదు, హీటర్ల వేడి గాలి రాదు, అద్దం లోపలి నుంచి మంచు పట్టుకుంటది. నా మొదటి ట్రిప్పుల ఇదే అయింది, కిన్నౌర్ల రికాంగ్ పియో దాటి పూ అనే ఊరు పోయేదాంక ఒక చేత్తోని అద్దం తుడుచుకుంట ఒక చేత్తోని స్టీరింగ్ పట్టుకున్న, కింద సట్లజ్ కనబడుతుంటే ఎంత భయమైందో నాకు తెలుసు. చెక్ ఎట్లంటే, పొద్దున చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి రేడియేటర్ పై పైపు మీద చెయ్యి పెట్టండి, ఫ్యాన్ కు దూరంగ. కొన్ని నిమిషాలు సల్లగనే ఉండి తర్వాత ఒక్కసారే వేడెక్కితే వాల్వ్ ఉన్నది, పనిచేస్తుంది. మొదటి నుంచే మెల్లమెల్లగ గోరువెచ్చగ అవుతుంటే వాల్వ్ లేదు, లేకపోతే తెరుచుకొని ఇరుక్కపోయింది. కొత్తది వేయించండి.

ఇప్పుడు ఫ్లషింగ్. ఇంజన్ పూర్తిగ సల్లారినంకనే మూత తియ్యాలె, వేడి మీద తీస్తే మొహం కాల్తది. హీటర్ నాబ్ ఫుల్ హాట్ మీద పెట్టండి, ఇది మర్చిపోయేటోళ్ళే ఎక్కువ. మన దగ్గర హీటర్ ఎవరు వాడతరు, ఆ పైపులల్ల పాత నీళ్ళు అట్లనే ఉంటయి, కొన్ని బండ్లల్ల హీటర్ వాల్వే బిగుసుకపోయి ఉంటది. కింది డ్రెయిన్ విప్పి పాత నీళ్ళు బకెట్ల పట్టండి, మోరిల వదలొద్దు, కూలెంట్ తియ్యగ ఉంటది, కుక్కలు తాగి చస్తయి, చిన్నపిల్లలకు గూడ విషమే. డిస్టిల్డ్ వాటర్ నింపి ఇంజన్ వేడయ్యేదాంక నడిపి, సల్లారినంక మళ్ళ తీయండి. నీళ్ళు తేటగ వచ్చేదాంక ఇదే.

అసలు తప్పు ఇక్కడ జరుగుతది. ఎంత డ్రెయిన్ చేసినా ఇంజన్ లోపల రెండు మూడు లీటర్ల నీళ్ళు ఉండిపోతయి. దాని మీద సగంసగం కలిపిన కూలెంట్ పోస్తే అది సగం కాదు, సగం కంటే బాగ తక్కువైతది. అందుకే లెక్క ఇట్ల చేయండి: మాన్యువల్ల మొత్తం కెపాసిటీ 10 లీటర్లు అని ఉంటే, ముందుగాల 5 లీటర్ల చిక్కటి కూలెంట్ పోసేయండి, మిగిలిన జాగాల డిస్టిల్డ్ వాటర్ పోయండి. ఇథిలిన్ గ్లైకాల్ (కూలెంట్ల ఉండే అసలు సరుకు) సగం, నీళ్ళు సగం ఉంటే సుమారు మైనస్ 37 దాంక గడ్డకట్టదు. మరి మొత్తం చిక్కటిదే పోస్తే ఇంకా మంచిది గదా అంటరు కొందరు. కాదు, వట్టి గ్లైకాల్ మైనస్ 12, 13 దగ్గరనే గడ్డకడ్తది, నీళ్ళు కలిస్తేనే దానికి ఆ బలం. రంగు చూసి కూలెంట్ కొనొద్దు, పచ్చది ఎర్రది కలపొద్దు, మాన్యువల్ల ఏ రకం రాసిందో అదే.

సరిగ్గ కలిసిందా లేదా తెలుసుకునుడు ఎట్ల? బండి నడిపి కూలెంట్ మొత్తం కలిసినంక, సల్లారినంక, ఒక చిన్న ప్లాస్టిక్ సీసాల ముప్పావు వంతు తీసి గట్టిగ మూత పెట్టి, కవర్ల చుట్టి, మీద విషం అని రాసి డీప్ ఫ్రీజర్ల ఒక రాత్రి పెట్టండి. మంచి ఫ్రీజర్ మైనస్ 18 ఉంటది. పొద్దున తీసి ఊపితే నీళ్ళ లెక్క కదలాలె, కాని ఈ టెస్ట్ మైనస్ 18 దాంకనే చెప్తది, అంతకంటే చలికి ఆగుతదా లేదా దీనితోని తెల్వదు. ఐస్ గోలా లెక్క పొడిపొడిగ అయితే నీళ్ళు ఎక్కువున్నయి, మళ్ళ మొదటికి. తిండి సామాన్లు ఉన్న ఫ్రీజర్ల మాత్రం వద్దు, పాత ఫ్రిజ్ ఎవరిదన్న దొరికితే అది వాడండి, టెస్ట్ అయినంక సీసా పడేయండి. మెకానిక్ కాడ కూలెంట్ చూసే రిఫ్రాక్టోమీటర్ ఉంటే ఈ కథే అక్కర్లేదు, ఒక చుక్కతోని తెలిసిపోతది. డీజిల్ ను గూడ ఇట్లనే ఫ్రీజర్ల పెట్టి చూస్తం అంటరు, అది అస్సలు వద్దు.

2. బ్యాటరీ

మన ఎండలకు బ్యాటరీ లోపల సగం చచ్చిపోయి ఉంటది, 44, 45 డిగ్రీల మే నెలలు రెండు మూడు చూసిన బ్యాటరీ అంటే దాని పని అయిపోయినట్టే. కాని వరంగల్ల పొద్దున సెల్ఫ్ కొడితే స్టార్ట్ అయితది కాబట్టి మంచిగనే ఉందనుకుంటం. మైనస్ 18 దగ్గర బ్యాటరీ ఇచ్చే బలం మామూలు దాంట్ల సగానికి పడిపోతది, అదే టైముకు ఆయిల్ చిక్కబడి ఇంజన్ తిప్పుడు ఇంకింత కష్టమైతది.

రాత్రంత బండి ఆపి పొద్దున మల్టీమీటర్ పెట్టండి. 12.6 వోల్టులు ఉంటే నిండ చార్జ్, 12.2 ఉంటే సగం. ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమని మీరు మీటర్ చూడండి, కొట్టేటప్పుడు 9.6 కిందికి పడితే లోడ్ టెస్ట్ చేయించండి. ఇంజన్ నడిచేటప్పుడు 13.8 నుంచి 14.4 మధ్యల ఉండాలె, లేకపోతే ఆల్టర్నేటర్ చూపియ్యండి. మూడేండ్లు దాటిన బ్యాటరీ అయితే ఆలోచించకుండ మార్చండి, నా మాట వినండి.

టెర్మినల్స్ మీద తెల్లపచ్చ బూజు ఉంటే వంటసోడా కలిపిన వేడి నీళ్ళతోని కడిగి, తుడిచి, బిగించి, వాజలిన్ రాయండి. ఇంజన్ నుంచి చాసిస్ కు పోయే ఎర్త్ తీగ గూడ విప్పి సాఫ్ చేయండి, సెల్ఫ్ మెల్లగ తిరుగుతుందని బ్యాటరీ మార్చినోళ్ళల్ల కొందరికి తప్పు ఆ తీగల ఉంటది.

చార్జ్ దిగిపోయిన బ్యాటరీ మైనస్ ఏడు ఎనిమిదికే లోపల గడ్డకట్టొచ్చు, నిండ చార్జ్ ఉన్నది మైనస్ 50 దాంక తట్టుకుంటది. బ్యాటరీ పొట్ట ఉబ్బి కనబడితే జంప్ స్టార్ట్ చేయొద్దు, పేలుతది.

3. ఇంజన్ ఆయిల్

డబ్బా మీద డబ్ల్యూ ముందున్న నంబరే చలి నంబరు. 15 డబ్ల్యూ అంటే మైనస్ 20 దగ్గర, 10 డబ్ల్యూ మైనస్ 25, 5 డబ్ల్యూ మైనస్ 30 దగ్గర సెల్ఫ్ ఇంజన్ ను తిప్పగల్గేటట్టు టెస్ట్ చేసింది అని అర్థం. జనవరిల కాజా రాత్రులు మైనస్ 20 దాటుడు మామూలే, అందుకే మీ మాన్యువల్ ఒప్పుకుంటే 5 డబ్ల్యూ వేయించండి. ఒప్పుకోకపోతే సొంతంగ మార్చొద్దు.

4. డీజిల్

డీజిల్ల మైనం ఉంటది, చలికి అది తెల్లగ పేరుకొని ముందుగాల ఫిల్టర్ ను మూసేస్తది. బండి స్టార్ట్ అయితది, రెండు నిమిషాలు నడుస్తది, ఆగిపోతది. ఇట్ల అయితే అది డీజిల్ సమస్యనే. మన దేశం స్టాండర్డ్ ల చలికాలం డీజిల్ కు పోర్ పాయింట్ (ఇంతకంటే చల్లబడితే డీజిల్ పారదు అనే డిగ్రీ) 3 డిగ్రీల లోపు, ఎండాకాలం దానికి 15 లోపు ఉంటే చాలు, అంటే వరంగల్ బంకుల పోయించిన డీజిల్ మంచు ప్రాంతం కోసం చేసింది కాదు. లడాఖ్ కోసం ఇండియన్ ఆయిల్ 2019 నవంబర్ల మైనస్ 33 దాంక గడ్డకట్టని వింటర్ గ్రేడ్ డీజిల్ తెచ్చింది, అంత తేడా ఉంటది.

ఏం చేయాలెనంటే, ట్యాంక్ నిండ కింది డీజిల్ వేసుకొని పైకి ఎక్కొద్దు. సిమ్లా దాటినంక తగ్గించుకుంట పోయి కిన్నౌర్ల, పియో కింద పోవారి కాడ నింపండి, మళ్ళ కాజాల నింపండి. ఆ బంకుల కాడ లోకల్ డ్రైవర్ ను అడగండి, చలికి ఏం పోస్తున్నరు అని, వాళ్ళకంటే ఎక్కువ ఎవరికి తెల్వదు. యాంటీ జెల్ మందు డీజిల్ ఇంకా పల్చగ ఉన్నప్పుడే, బంకుల నింపేటప్పుడే పోయాలె. గడ్డకట్టినంక పోస్తే ఏం లాభం లేదు. రాత్రి ట్యాంక్ నిండ ఉంచండి, ఖాళీ ఉంటే లోపలి గాలిల తేమ నీళ్ళై ఫిల్టర్ల చేరి ఐస్ అయితది. ఫిల్టర్ కింద నీళ్ళు వదిలే స్క్రూ ఉంటది, బయల్దేరే ముందు ఒకసారి, పియోల ఒకసారి వదలండి. ఫిల్టర్ మార్చుడు, చేతి పంపుతోని గాలి తీసుడు ఇంటికాడనే ఒకసారి మీ చేత్తోని చేసి చూడండి, అక్కడ చేతులు కొంకర్లు పోతుంటే నేర్చుకుంటం అంటే కాదు.

కిరోసిన్ కలుపుడు పాత ఇంజన్ల నాటి మాట. ఇప్పటి కామన్ రైల్ ఇంజన్ల (డీజిల్ ను ఎక్కువ ప్రెషర్ తోని కొట్టేవి) పంపుకు డీజిలే ఆయిల్ లెక్క, కిరోసిన్ పోస్తే అది అరిగిపోతది, బీఎస్6 (కొత్త కాలుష్య రూల్స్ వి) బండ్లల్ల అస్సలే వద్దు. ట్యాంక్ కింద మంట పెట్టుడు గూడ చూస్తరు అక్కడ, మీరు చేయొద్దు. ఫిల్టర్ కు గుడ్డ చుట్టి ఫ్లాస్క్ ల ఉన్న వేడి నీళ్ళు మెల్లగ పోస్తే చాలు, చాన సార్లు దానితోనే లేస్తది. మీ బండ్లె డెఫ్ (పొగను శుభ్రం చేసే ద్రవం) ట్యాంక్ ఉంటే ఆ ద్రవం మైనస్ 11 కు గడ్డకడ్తది, భయపడొద్దు, హీటర్ ఉంటది దానికి, కాని మూతదాంక నింపొద్దు.

5. టైర్లు, చెయిన్లు

పెద్ద పెద్ద గడ్డల మడ్ టైర్లు మన నల్లరేగడిల రాజులే, ఐస్ మీద అవి జారుతయి. రబ్బరు గట్టిది, గడ్డల మీద సన్నటి కోతలు ఉండవు. ఐస్ కు సన్న కోతలున్న ఆల్ టెర్రైన్ టైర్, మూడు శిఖరాల కొండ బొమ్మల మంచు గుర్తు ఉన్నది దొరికితే ఇంకా మంచిది.

గాలి సంగతి: ప్రతి 5, 6 డిగ్రీలు చల్లబడితే ఒక పీఎస్ఐ తగ్గుతది. అదే టైముకు 12 వేల అడుగుల ఎత్తుల బయటి గాలి బరువు తగ్గుతది కాబట్టి గేజ్ మీద ఐదు పీఎస్ఐ దాంక ఎక్కువ చూపిస్తది. ఒకటి తగ్గిస్తది, ఒకటి పెంచుతది, కాబట్టి అందాజ చేయొద్దు. రోజు పొద్దున టైర్ చల్లగ ఉన్నప్పుడు గేజ్ పెట్టి చూసుడే.

చెయిన్లు కొన్ననాడే ఇంటి ముంగట వేసి చూడండి. రాత్రి పూట, చలి గ్లౌజులు వేసుకొని, టార్చ్ పెట్టుకొని మూడుసార్లు. పగలు ఒట్టి చేతులతోని పది నిమిషాలు పడితే అక్కడ అరగంట పడ్తది. వేసినంక స్టీరింగ్ రెండు దిక్కుల పూర్తిగ తిప్పి, చెయిన్ బ్రేక్ పైపుకు తాకుతుందా చూడండి, పెద్ద టైర్లు వేసినోళ్ళు ఇది తప్పకుండ చూడాలె. వేసి వంద రెండొందల మీటర్లు నడిపి మళ్ళ బిగించాలె. నాలుగు చక్రాలకు వేసుడే మేలు. ఒక్క జతనే ఉంటే ఏ చక్రాలకో మాన్యువల్ చెప్తది. 30, 40 స్పీడు దాటొద్దు, ఐస్ అయిపోంగనే తీసేయండి.

6. చిన్నవి అనుకునేవి

వైపర్ నీళ్ళ డబ్బాల వట్టి నీళ్ళు ఉంటే ఖాళీ చేసి మైనస్ కు పనికొచ్చే వాషర్ ఫ్లూయిడ్ పోయండి, పంపు దాంక వచ్చేటట్టు నాలుగైదు సార్లు కొట్టండి. డోర్ రబ్బర్లకు సిలికాన్ స్ప్రే, లేకపోతే పొద్దున డోర్ గుంజితే రబ్బరు ఊడొస్తది. రాత్రి వైపర్లు లేపి పెట్టండి. హ్యాండ్ బ్రేక్ వేయొద్దు, ముఖ్యంగ వాగు దాటి తడిసిన రోజు, అది అట్లనే పట్టుకపోతది. గేర్ల వేసి చక్రాల కింద రాళ్ళు పెట్టండి. అద్దం మీద మంచుంటే వేడి నీళ్ళు పోయకండి, పట్టుమని పగుల్తది.

7. ఆదిలాబాద్ పరీక్ష

ఇవన్ని అయినంక నేరుగ హిమాచల్ పోవద్దు. డిసెంబర్ ఆఖర్ల, జనవరిల ఒక రాత్రి ఆదిలాబాద్, ఉట్నూరు దిక్కు పోయి ఉండండి. సిర్పూర్ యూ వైపు కొన్ని ఏండ్లు ఐదారు డిగ్రీలకు గూడ పడ్తది. మంచు పడదు గాని, బండి రాత్రంత బయట పెట్టి పొద్దున ఐదింటికి సెల్ఫ్ కొడితే బ్యాటరీ, గ్లో ప్లగ్ ల (స్టార్ట్ చేసే ముందు డీజిల్ ఇంజన్ లోపల వేడి చేసేవి) నిజం బయటపడ్తది. ఒకటికి రెండుసార్లు కొడితేగాని లేవకపోతే అక్కడ అస్సలు లేవదు. గ్లో ప్లగ్ లు ఒక్కొక్కటి విప్పించి మల్టీమీటర్ పెట్టిస్తే ఒక ఓం అటుఇటు చూపించాలె, ఏం చూపియ్యకపోతే కాలిపోయింది. హీటర్ పెట్టి గంట నడపండి. వచ్చేటప్పుడు నిర్మల్ కాడ మహబూబ్ ఘాట్ల బ్రేక్ తక్కువ, గేర్ ఎక్కువ వాడి దిగుడు ప్రాక్టీస్ చేయండి. కవ్వాల్ అడవి లోపలికి బండి దించొద్దు, అది టైగర్ రిజర్వ్.

బురద అనుభవం ఉన్నోళ్ళకు ఒక మాట. బురదల చక్రం ఇరుక్కుంటే రేస్ ఇచ్చి తిప్పితే గడ్డల మధ్యల మట్టి ఎగిరిపోయి పట్టు దొరుకుతది. ఐస్ మీద అదే చేస్తే చక్రం ఐస్ ను కరిగించి అద్దం లెక్క నున్నగ చేస్తది, ఇంక ఎప్పటికి కదలదు. చక్రం తిరుగుతుంటే వెంటనే కాలు తీయాలె, పారతోని మట్టి, ఇసుక చల్లాలె.

8. అక్కడ పొద్దున స్టార్ట్ చేసుడు

రాత్రి బండి ముందు భాగం తూర్పుకు పెట్టి ఆపండి, పొద్దటి ఎండ బానెట్ మీద పడాలె. బానెట్ మీద చద్దర్లు కప్పండి, తాళంచెవి కాడ చీటి పెట్టుకోండి, చద్దర్లు తీయకుండ స్టార్ట్ చేస్తే ఫ్యాన్ల పడ్తయి. మరీ చలి ఉంటే బ్యాటరీ విప్పి రూమ్ లకు తీస్కపోండి, లోకల్ డ్రైవర్లు గూడ అదే చేస్తరు.

పొద్దున లైట్లు, బ్లోయర్ అన్ని బంద్. తాళం తిప్పి స్ప్రింగ్ లాంటి గుర్తు ఆరిపోయేదాంక ఆగండి. బంద్ చేసి మళ్ళ అట్లనే, రెండు మూడు సార్లు. క్లచ్ పూర్తిగ తొక్కి సెల్ఫ్ కొట్టండి, పది పదిహేను సెకన్ల కంటే ఎక్కువ కాదు. లేవకపోతే రెండు నిమిషాలు ఆగి మళ్ళ. స్టార్ట్ చేసే ఈథర్ స్ప్రే గ్లో ప్లగ్ ఉన్న ఇంజన్ల కొట్టకండి, లోపలే పేలి పిస్టన్ పోతది. లేచినంక రేస్ ఇయ్యకుండ నాలుగైదు నిమిషాలు ఉంచి, మెల్లగ బయల్దేరండి, గేర్ ఆయిల్, షాక్ అబ్జార్బర్లు గూడ చలికి బిగుసుకొని ఉంటయి.

9. రోడ్డు మీద, రాత్రి

చలికాలం మనాలి నుంచి కుంజుం పాస్ మూసేస్తరు, అది 4,551 మీటర్ల ఎత్తు. స్పితికి సిమ్లా, కిన్నౌర్ దారే దిక్కు. మంచికే, ఎత్తు మెల్లగ పెరుగుతది, మనిషికి గూడ అలవాటైతది. తలనొప్పి, వాంతులు మొదలైతే ఎక్కుడు ఆపాలె, తగ్గకపోతే కిందికి దిగాలె. నీడ ఉన్న మలుపుల రోడ్డు తడిసినట్టు నల్లగ మెరుస్తుంటే అది నీళ్ళు కాదు, బ్లాక్ ఐస్. అక్కడికి రాకముందే స్పీడు తగ్గించి గేర్ దించండి, దాని మీద బ్రేక్ వద్దు. ఫోర్ వీల్ మంచు మీదనే వేయండి, ఎండిన తారు రోడ్డు మీద వేసి తిప్పితే ట్రాన్స్ ఫర్ కేస్ మీద బరువు పడ్తది.

అన్నిటికన్న ముఖ్యమైంది ఇది. బండి మంచుల ఇరుక్కొని, హీటర్ కోసం ఇంజన్ ఆన్ పెట్టి లోపల పండుకోవద్దు. మంచు సైలెన్సర్ పైపును మూస్తే పొగ లోపలికి వస్తది, కార్బన్ మోనాక్సైడ్ కు వాసన ఉండదు, నిద్రలనే ప్రాణం పోతది. ఇంజన్ పెట్టాల్సే వస్తే ముందుగాల పైపు చుట్టు పారతోని మంచు తీసి, అద్దం రెండు వేళ్ళంత దించి, ఒకరు మేల్కొని, పది నిమిషాలు పెట్టి బంద్ చేయాలె. టెంట్ల, బండ్లె బొగ్గుల కుంపటి గూడ అంతే ప్రమాదం.

వచ్చినంక

బండి కింద నీళ్ళు కొట్టి కడిగించండి, చెయిన్లు ఆరబెట్టి ఆయిల్ రాసి సంచిల పెట్టండి. పోసిన కూలెంట్ వరంగల్ ఎండలకు గూడ మంచిదే, మరిగే పాయింట్ పెరుగుతది, మార్చే అవసరం లేదు. ఏప్రిల్ల లెవెల్ తగ్గితే షెడ్డుల పిల్లగాడు బోరు నీళ్ళ మగ్గు పట్టుకొని వస్తడు, ఆపండి. అందుకే బండిల ఎప్పుడు సగంసగం కలిపిన కూలెంట్ ఒక లీటర్ సీసా పెట్టుకొని తిరగండి.